అప్పు స్వెటర్లతో ఐస్‌లాండ్

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు పాడైంది. బాగుచేసి మళ్ళీ వేసిన రోజు కుళాయి తిప్పితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మద్రాసులో బోరు నీళ్ళతో కాపురం చేసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని సెక్రెటరీకి ఫోన్ చేస్తోంది. నేను మాత్రం బకెట్ ముందు అలాగే నిలబడిపోయాను. అచ్చం ఇదే వాసన ఎన్నో ఏళ్ళ కిందట ఐస్‌లాండ్ రాజధాని రెయ్క్యావిక్ క్యాంపు సైట్‌లో షవర్ తిప్పినప్పుడు వచ్చింది. అక్కడ వేడినీళ్ళు భూమి లోపల్నుంచే పైపుల్లో ఊళ్ళోకి వస్తాయి, గంధకం వాసన కూడా వాటితోపాటే వస్తుంది. చన్నీళ్ళకి ఆ వాసన ఉండదు. పట్టుకుని తాగెయ్యొచ్చు.

వెంటనే భీమవరంలో ఉన్న బావకి ఫోన్ చేశాను. "బావా, మా ఇంట్లో ఇవాళ ఐస్‌లాండ్ నీళ్ళు వస్తున్నాయి" అన్నాను.

"ఊరికే వచ్చాయా? మనం డబ్బులు కట్టి చేశాం రా ఆ స్నానం" అన్నాడు.

ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. అప్పటికి మా ఆవిడ మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించేసింది.

* * *

బావ నాకు చుట్టం కాదు. మద్రాసు ట్రిప్లికేన్‌లో మేం ఉన్న మాన్షన్‌లో తెలుగువాళ్ళందరికీ ఆయన బావే. మాన్షన్ అంటే ఇప్పటి పిల్లలు ఏదో బంగళా అనుకుంటారు. ఒక్కో గదిలో రెండు ఇనప మంచాలు, గోడకి మేకులు, వసారా చివర అందరికీ కలిపి బాత్రూములు. మెట్రో వాటర్ లారీ హారన్ వినపడితే అన్ని అంతస్తుల నుంచీ ప్లాస్టిక్ బిందెలు కిందికి దిగేవి. తెల్లవారుజామున వాలాజా మసీదు నుంచి అజాన్, కాసేపటికి పార్థసారథి కోవెల వైపు నుంచి గంటలు, ఆ పైన బావ దగ్గు. నాకు అలారం గడియారం కొనే అవసరం రాలేదు.

బావ మద్రాసు హార్బర్ పక్కనున్న ప్యారిస్ కార్నర్‌లో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో లెక్కలు రాసేవాడు. ఎవరో ఓడ ఆఫీసరు వదిలేసి వెళ్ళిన పాత క్యాలెండర్ తెచ్చి గోడకి తగిలించాడు. అందులో జులై నెల బొమ్మ ఐస్‌లాండ్ కొండలది. చెట్టూ చేమా లేదు. పసుపూ కుంకుమా ఆరబోసినట్టున్న కొండలు, మధ్యలో తెల్లగా మంచు చారలు. క్యాలెండర్ చెల్లిపోయి ఏళ్ళు గడిచినా గోడ మీద జులై మాత్రం మారలేదు.

మా వీధికి దగ్గర్లోనే ఐస్ హౌస్. 1842లో అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన ఐసు గడ్డల్ని దాచడానికి ట్యూడర్ కంపెనీ కట్టించిన గుండ్రటి మేడ అది. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు కాబట్టి ఇప్పుడది ఆయన పేరు మీద ఉంది. బస్ కండక్టర్లకి మాత్రం ఎప్పటికీ ఐస్ హౌసే. "ఐసు అంతదూరం నుంచి మన వీధికి వచ్చి పలకరించి వెళ్ళింది. మనం ఒక్కసారైనా తిరుగు వెళ్ళకపోతే మర్యాదగా ఉంటుందా?" అనేవాడు బావ.

మర్యాద సరే, డబ్బులో? అక్కడే కాలం కలిసొచ్చింది. 2008 అక్టోబర్‌లో ఐస్‌లాండ్ మూడు పెద్ద బ్యాంకులూ వారం పది రోజుల్లో కుప్పకూలాయి. వాళ్ళ క్రోనా విలువ దాదాపు సగానికి పడిపోయింది. అదే మాంద్యం మద్రాసులో సాఫ్ట్‌వేర్ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీది మా ఆఫీసుకీ వచ్చింది. "ఇష్టమున్నవాళ్ళు జీతం లేని సెలవు పెట్టుకోవచ్చు" అని మెయిల్ పంపారు. ఇష్టం అనేది ఆ మెయిల్లో మర్యాద కోసం వాడిన మాట. నాకు ఉద్యోగం పోతుందేమోనని ఒకటే టెన్షన్. బావ ఆ మెయిల్ ప్రింటు చదివి, "వాళ్ళ డబ్బు చవకయింది, నీ టైమూ చవకయింది. ఇక ముహూర్తం ఎందుకు?" అన్నాడు.

* * *

మద్రాసులో మే నెలలో, నడి కత్తెర ఎండల్లో, చలిబట్టలు అడుక్కున్నవాళ్ళం మేమే అయుంటాం. ఎక్కువ దొరక్కపోయినా దొరికినవన్నీ మంచివే. ఏటా కాశీ వెళ్ళొచ్చే ఒక పెద్దాయన మంకీ క్యాప్ ఇచ్చారు. కింది అంతస్తు ఊటీ మాస్టారు రెండు ఉన్ని స్వెటర్లు ఇచ్చి, "ఉతకొద్దు, దులపండి" అని గట్టిగా చెప్పారు. మా టీమ్ లీడ్ ఢిల్లీలో చదువుకున్నప్పటి థర్మల్స్ ఇచ్చాడు. నేను గుక్కతిప్పుకోకుండా థాంక్స్ చెబుతుంటే, తిరిగి ఇవ్వక్కర్లేదులే అన్నాడు. వేసుకున్నాక ఎందుకన్నాడో తెలిసింది.

బూట్లు పల్లావరం శుక్రవారం సంతలో, తలకి కట్టుకునే టార్చి బర్మా బజార్లో కొన్నాం. గుడారం, స్లీపింగ్ బ్యాగులు బావ ఏజెన్సీకి వచ్చే ఓడవాళ్ళ ద్వారా ఎలాగో సంపాదించాడు. ఆ వివరాలు నేను అడగలేదు. వాన పడితే బ్యాగు లోపల బట్టలు తడవకుండా ఎరువుల దుకాణంలో దొరికే మందపాటి పాలిథీన్ సంచి లోపలికి తొడిగాం. బయట వేసే రెయిన్ కవర్ గాలికి ఎగిరిపోతుంది, లోపలి సంచి ఎక్కడికీ పోదు. ఈ ఒక్క తెలివీ ఇప్పటికీ ట్రెక్కింగ్‌కి వెళ్ళే పిల్లలకి చెబుతుంటాను.

తిండి సంగతి మెస్ అక్క చూసుకుంది. నెల్లూరు మనిషి. మాన్షన్ ఎదురుగా చిన్న ఆంధ్రా మెస్ నడిపేది. బొంబాయి రవ్వని నేతిలో దోరగా వేయించి, తాలింపు, ఎండుమిరపకాయలు, ఉప్పు అన్నీ అందులోనే కలిపేసి, "మరిగే నీళ్ళు పొయ్యండి తమ్ముడూ, కలపండి, తినండి. మీకు అంతకన్నా వంట రాదు" అంది. కందిపొడి, చారుపొడి, కారప్పొడి విడివిడిగా పొట్లాలు కట్టింది. అన్నీ తెలుగు పేపర్లలోనే. బావ మాత్రం చిన్న మూటలో కందిపప్పు కూడా వేయించుకున్నాడు. నడకలో ప్రతి గ్రాముకీ లెక్క చూడాలని నేనెంత చెప్పినా, ఆ మూట బరువుని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఇక ప్రాక్టీసు. బ్యాగుల్లో బియ్యం నింపుకుని తెల్లవారుజామున మెరీనా ఇసకలో లైట్ హౌస్ నుంచి ఉళైప్పాళర్ సిలై, అంటే శ్రామికుల విగ్రహం, దాకా నడిచేవాళ్ళం. ఒకరోజు బీట్ కానిస్టేబుల్ ఆపాడు. చీకట్లో చెమటలు కక్కుతూ అంతలేసి మూటలతో ఇద్దరు మనుషులు కనపడితే ఎవరైనా ఆపుతారు. "ఉళ్ళ ఎన్న సార్?" అని లోపలేముందో అడిగాడు. "అరిసి" అన్నాడు బావ. నమ్మలేదు. విప్పి చూపించాం. పొన్ని బియ్యమే. రేషన్ బియ్యం రవాణా కాదు కదా అని కొంచెం గుచ్చి గుచ్చి అడిగి, చివరికి సంగతంతా విని, "పైత్యం" అని వదిలేశాడు.

* * *

రెయ్క్యావిక్ క్యాంపు సైట్‌లో నాకు బాగా నచ్చింది ఒక అలమారా. నడక ముగించి వెళ్ళిపోయేవాళ్ళు విమానంలో తీసుకెళ్ళలేని సగం గ్యాస్ డబ్బాలు, మిగిలిన ఉప్పు, పాస్తా, నూనె అందులో పెట్టి పోతారు. వచ్చేవాళ్ళు తీసుకుంటారు. చూసేవాళ్ళు, అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. బావ డబ్బాలన్నీ ఒక్కొక్కటే ఊపి చూసి రెండు తీసుకున్నాడు. ఏదీ ఉత్తగా తీసుకోవడం ఆయన పద్ధతి కాదు. ఒక కారప్పొడి పొట్లం పెట్టొచ్చాడు. దాని పరిణామం ఏమైందో మాకు తెలియదు.

మేం నడవాలనుకున్న దారి పేరు లౌగవేగుర్. లాండ్‌మన్నలౌగర్ నుంచి థోర్స్‌మర్క్ దాకా 55 కిలోమీటర్లు, మామూలుగా నాలుగు రోజుల నడక. మధ్యలో ట్రెక్కర్ల కోసం గుడిసెలు, వాటి పక్కన గుడారం వేసుకోవడానికి చోటు ఉంటాయి. కొండల్లోకి వెళ్ళే బస్సులు వేసవిలోనే తిరుగుతాయి. ఆ బస్సు చక్రాలు మా భుజాలంత ఎత్తున్నాయి. ఎందుకో అనుకున్నాం. కాసేపటికి అది తాపీగా ఒక వాగులోకి దిగి అవతల తేలింది. లోపల ఎవరూ పుస్తకాల్లోంచి తలెత్తలేదు.

లాండ్‌మన్నలౌగర్‌లో దిగగానే బావ మాట్లాడలేదు. గోడ మీది జులై ఎదురుగా ఉంది. ఎండ కూడా కాసింది. సహజంగా పారే వేడినీటి మడుగులో జనం మెడల దాకా మునిగి కూర్చున్నారు. మేమూ దిగాం. ఒంటికి వెచ్చగా, తలకి చలిగా. పది నిమిషాల్లో ఎండ పోయి జల్లు, జల్లు పోయి వడగళ్ళు, మళ్ళీ ఎండ. నీళ్ళలో ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. గట్టు మీద మా బట్టలు తడిశాయి.

మర్నాడు నల్లగాజులా మెరిసే అబ్సిడియన్ రాళ్ళ మధ్య నుంచి ఎక్కుతుంటే పొగమంచు దిగింది. అక్కడ దారి పొడుగునా కర్రలు పాతి ఉంటాయి. ఒక కర్ర దగ్గర నిలబడితే రెండో కర్ర కనపడాలి. మాకు కాళ్ళ కింది మంచు తప్ప ఏమీ కనపడలేదు. అడుగుజాడలు ఉన్నచోట ఉన్నాయి, లేనిచోట లేవు. బావ ఒక ఏర్పాటు చేశాడు. నేను కర్ర దగ్గరే ఆగాలి, తను ముందుకెళ్ళి వెతకాలి, తర్వాతి కర్ర దొరికితే కేక వెయ్యాలి.

కాసేపటికి తెల్లటి శూన్యంలోంచి "గోవిందా..." అని వినపడింది.

"గోవింద!" అని నేనూ అరిచి, ఆ గొంతు వచ్చిన వైపు నడిచాను.

అలిపిరి మెట్లెక్కినవాడికి ఆ కేక నేర్పక్కర్లేదు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో, ఎంత దూరమో అంతా ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. అలా కర్ర నుంచి కర్రకి ఎక్కాం. మా వెనక ఒక జర్మన్ జంట తోడయింది. వాళ్ళు ముందు కంగారుపడ్డారు, తర్వాత సంగతి అర్థమయ్యాక వాళ్ళూ అందుకున్నారు. "గొ-విన్-దా" అని ఆ అబ్బాయి అరుస్తుంటే బావకి చలి కూడా మర్చిపోయేంత నవ్వు.

గుడిసె దగ్గర్లోకి వచ్చాక నవ్వు ఆగిపోయింది. దారి పక్కన ఒక రాళ్ళ గుట్ట, దాని మీద ఫలకం. 2004 జూన్ ఆఖరులో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఇరవై అయిదేళ్ళ కుర్రాడు మంచు తుఫానులో చిక్కి అక్కడ చనిపోయాడు. అక్కడి నుంచి గుడిసె ఎంతో దూరం లేదు, కానీ ఆ వేళ కనపడి ఉండదు. బావ మంకీ క్యాప్ తీసి నిలబడ్డాడు. జర్మన్ అమ్మాయి గుట్ట మీద చిన్న రాయి పెట్టింది.

ఆ గుడిసె ఉన్నచోటుని హ్రాఫ్న్‌టిన్నుస్కేర్ అంటారు, వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. గుడారాల చుట్టూ గాలికి అడ్డంగా నల్లరాళ్ళతో వలయాలు పేర్చి ఉన్నాయి. ఎవరు పేర్చారో తెలియదు, ఎవరొస్తే వాళ్ళవే. గుడిసె చూసుకునే అమ్మాయి వాతావరణం కాగితం మీద రాసి తలుపుకి అంటించేది. గాలి వేగం సెకనుకి మీటర్లలో. ఆ రాత్రికి 18 అని ఉంది. నాకు మొదట చిన్న అంకెలా కనిపించింది. బావ లెక్కలవాడు కదా, వేళ్ళ మీద గుణించి, "గంటకి 65 కిలోమీటర్లు. 62 దాటితే మనవాళ్ళు తుఫాను అని పేరు పెట్టి రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు" అన్నాడు. హార్బర్ పక్కన పనిచేసేవాడికి ఆ సూచికలన్నీ కంఠోపాఠం. ఆ అమ్మాయి మాత్రం మామూలుగా, "రాళ్ళు కొంచెం పెద్దవి పెట్టుకోండి" అని వెళ్ళిపోయింది.

రాత్రి అన్నానే కానీ చీకటి పడలేదు. గుడారం గుడ్డ మొహానికి తగిలి లేస్తోంది. ఊటీ మాస్టారి స్వెటర్లు తడిసినా వెచ్చగానే ఉన్నాయి. ఉన్నికి ఆ గుణం ఉంది. ఆ థర్మల్స్ వేసుకోవడానికి సిగ్గుపడి నేను వాడిన నూలు టీషర్టు మాత్రం ఒంటికి అతుక్కుని గజగజ వణికించింది. బూట్లలోకి అక్క పొట్లాల పేపర్లు ఉండలు చేసి కూరాం. తెల్లారేసరికి పేపరు తడి పీల్చింది, బూటు కాస్త తేలికైంది. పక్క గుడారం జర్మన్ అబ్బాయికీ ఇచ్చాం. వాడు ఉండ విప్పి, ఆ అక్షరాల్ని గుండ్రంగా వేలితో గీసి చూసుకుని, ఇందులో ఏం రాసుందని అడిగాడు. బావ చూసి "పెళ్ళిసంబంధాలు" అన్నాడు.

* * *

ప్రతి గుడిసెలోనూ ఒక పుస్తకం ఉండేది. పేరు, ఊరు, ఎక్కడి నుంచి వచ్చాం, రేపు ఎటు వెళ్తాం రాయాలి. మనిషి తప్పిపోతే ఎక్కడ వెతకాలో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆ దేశానికి సైన్యం లేదు. కొండల్లో వెతకడానికి వచ్చేది ఊళ్ళలోని వాలంటీర్లు. బడిపంతుళ్ళు, మెకానిక్కులు, ఎవరైనా. మాకు సిగ్నల్ లేదు, ఫోన్లు బ్యాగు అడుగున స్విచాఫ్ చేసి పడేశాం. ఆ పుస్తకంలో బావ ముత్యాల్లాంటి చేతిరాతతో "ట్రిప్లికేన్, మద్రాస్" అని రాసేవాడు. ఊరి పేరు మారి అప్పటికి చాలా ఏళ్ళయింది. "వెతికేవాళ్ళకి ఏ పేరైనా ఒకటేలే" అనేవాడు.

ఆల్ఫ్టావత్న్ సరస్సు దాటాక వాగులు మొదలయ్యాయి. చాలావాటికి వంతెనలు లేవు. హిమానీనదాలు కరిగి వచ్చే నీళ్ళు కాబట్టి మధ్యాహ్నం దాటేకొద్దీ పెరుగుతాయి, పొద్దున్నే దాటెయ్యాలి. మేం గట్టు మీద హవాయి చెప్పులు తీస్తుంటే ఒక ఐస్‌లాండ్ పెద్దావిడ చూసి వద్దని చేత్తోనే చెప్పింది. ప్రవాహానికి చెప్పు ఉండదు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కావాలి. అవి మా దగ్గర ఒక్క జతే ఉన్నాయి. ఆవిడ తన జత కూడా ఇచ్చింది, దాటాక విసిరితే చాలంది. నడుముకి కట్టిన బ్యాగు బెల్టు ఊడదీయమంది. పడిపోతే బరువుతో మునగకుండా బ్యాగు వదిలెయ్యాలి కదా. మొహం ఎగువకి పెట్టి, చేతులు పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ దాటాం. మొదట పాదాలు మండాయి, తర్వాత ఉన్నాయో లేవో తెలియలేదు. గోదావరి జిల్లావాడు బావ, ఈత వచ్చినవాడు. అవతలి గట్టెక్కి కాళ్ళు రుద్దుకుంటూ, "దీన్ని నీళ్ళంటారటరా!" అన్నాడు.

ఆ తర్వాత నల్లటి ఇసక ఎడారి. గాలికి ఇసక లేచి పళ్ళ మధ్య కరకరలాడింది. మాట్లాడుకోవడం మానేసి నడిచాం. ఎమ్‌స్ట్రుర్ దగ్గర ఒక పెద్ద లోయ ఉంది, చూడాల్సిందే అన్నారు. మాకు ఓపిక లేక చూడలేదు. బాధ కూడా లేదు.

చివరిరోజు దిగుతుంటే అన్నాళ్ళ తర్వాత చెట్లు కనిపించాయి. పెద్దవేం కాదు, మనిషెత్తు బర్చ్ చెట్లు. ఆకుల వాసన తగిలితే ఇద్దరం ఆగిపోయాం. ఎక్కడో ఉల్లంకి జాతి పిట్ట ఎగురుతూ గుర్రం సకిలించినట్టు చప్పుడు చేస్తోంది. అది గొంతుతో కాదు, ఈకల్లోంచి గాలి దూసుకుపోయే చప్పుడని తర్వాత ఎవరో చెప్పారు. థోర్స్‌మర్క్‌లో గుడారం వేశాక బావ తన కందిపప్పు మూట విప్పాడు. పైన కొండ మీద ఒకసారి ప్రయత్నించి ఓడిపోయాడు. అంత ఎత్తులో నీళ్ళు ముందే మరుగుతాయి, గాలికి మంట నిలవదు, పప్పు బద్ద బద్దలాగే ఉంది. ఇక్కడ రాళ్ళు అడ్డం పెట్టి, అలమారా గ్యాస్ డబ్బా ఆఖరి బొట్టు దాకా మండించి, చారుపొడి వేసి మొత్తానికి పప్పుచారు కాచాడు. కరివేపాకు లేదు. జర్మన్ జంట రెండు కప్పులు తాగి, ఇంకా ఉందా అని అడిగారు. ఎదురుగా తెల్లగా, మెత్తగా, ఏ పాపం ఎరగనట్టు ఒక మంచుకొండ. మ్యాపులో పేరు చదవబోయి వదిలేశాం.

* * *

వచ్చాక స్వెటర్లు దులిపి మాస్టారికి ఇచ్చాం. ఆయన వెలుతురులో పట్టుకుని చూసి, మోచేతి దగ్గర మసి మరక గురించి ఏమీ అనకుండా బీరువాలో పెట్టుకున్నారు. మా ఆఫీసు నన్ను మళ్ళీ రానిచ్చింది. క్యాలెండర్ గోడ మీదే ఉంది.

తర్వాతి ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మెస్‌లో భోంచేస్తున్నాం. టీవీలో బూడిద మేఘం. యూరప్ అంతా విమానాలు ఆగిపోయాయి, మా ఆఫీసువాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిక్కుకుని బెంచీల మీద పడుకుంటున్నారు. యాంకర్ ఆ అగ్నిపర్వతం పేరు పలకలేక, "ఐస్‌లాండ్‌లోని ఒక పర్వతం" అని సర్దుకుంటున్నాడు. ఎయ్యాఫ్యాట్లాయోకుట్ల్. మంచు కింద ఇన్నాళ్ళూ నిప్పుందని ఎవరికి తెలుసు? థోర్స్‌మర్క్ బస్సులోంచి మేం చూసిన ఆ హిమానీనదం కింది సరస్సు, మంచు కరిగి వచ్చిన వరదకి మట్టీ రాళ్ళూ నిండి పూడిపోయింది. ఆ సంగతి మాకు చాలా రోజులకి తెలిసింది.

ఆ రోజు మాత్రం బావ ముద్ద కలుపుతూ టీవీ వంక చూసి ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. "అదే! అదే కొండ! దాని ఎదురుగానే మేం పప్పుచారు కాచుకున్నాం!" అని మెస్ అంతా వినపడేలా అరిచాడు. తినేవాళ్ళు ఒక్క క్షణం ఆయన వంక, ఒక్క క్షణం టీవీ వంక చూశారు.

అక్క గరిటెతో అలాగే నిలబడి తెర మీది పొగని కాసేపు చూసింది. "పొయ్యి ఆర్పే వచ్చారా తమ్ముడూ?" అంది.